చిన ఉప్పలమర్రు బంగారు గిత్త

చిన ఉప్పలమర్రు ప్రెసిడెంటు వీరాంజనేయులు గారు పల్లెలో చర్చి కట్టిస్తున్నారన్న కబురు వినగానే ప్రసన్నకుమార్‌కి మొదట వచ్చిన ఆలోచన దేవుడి గురించి కాదు, మైకు గురించి. ఈ మాట తర్వాత అతనే ఒప్పుకున్నాడు కాబట్టి మనం కల్పించి అంటున్నది కాదు.

పదహారేళ్లుగా అతను పాత ఊరి చర్చిలో ఉపదేశి. ఉపదేశి అంటే పాస్టరు కింద పనిచేసేవాడు. చాపలు పరిపించాలి, చెవిటి మైకుని బతిమాలాలి, పెద్దయ్యగారి గొంతు పట్టేసిన రోజున లేచి బైబిలు వాక్యం చెప్పాలి. పెద్దయ్యగారికి డెబ్భై మూడేళ్లు వచ్చాయి గానీ ఆ గొంతు మాత్రం ఒక్కనాడూ పట్టలేదు. పోనీలే పాపమని, ఏ నెలలోనైనా ఐదో ఆదివారం వస్తే అది ప్రసన్నకుమార్‌కి వదిలేశారు. ఐదు ఆదివారాలున్న నెలలు ఏడాదికి నాలుగు. ఆ నాలుగు రోజుల కోసం అతను మిగతా ఏడాదంతా చిలకలూరిపేటలో ఓ జిన్నింగు మిల్లు కాటా దగ్గర పత్తి ట్రాక్టర్లు తూస్తూ బతికేవాడు. ఒక ట్రాక్టరు దిగి ఇంకోటి ఎక్కే లోపల, అద్దాల గదిలో కూర్చుని, సౌలు ఎలా చెడిపోయాడో, దావీదు ఎలా పైకొచ్చాడో, సొలొమోను కొడుకు నోటి దురుసుతో రాజ్యం ఎలా రెండు ముక్కలైందో గోడకి ప్రసంగం చేసేవాడు. ఇశ్రాయేలు రాజులంటే అతనికి అంత పిచ్చి. ఏ రాజుని ఏ ప్రవక్త నూనె పోసి సింహాసనం ఎక్కించాడో, ఏ రాజుని ఏ ప్రవక్త తిట్టి దించాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. అడిగేవాళ్లే లేరు.

రాజ్యాల సంగతి అలా ఉంచితే, వీళ్ల ఊరు కూడా మూడేళ్ల కిందట రెండైంది. హైవేకి పడమటి వైపున్నది పెద ఉప్పలమర్రు, తూర్పు వైపున్నది చిన ఉప్పలమర్రు. పెదకి ప్రెసిడెంటు సుబ్బరావమ్మ గారు, చినకి వీరాంజనేయులు గారు. పంచాయతీ ఆఫీసులు రెండయ్యాయి, నీళ్ల ట్యాంకులు రెండయ్యాయి, ఆఖరికి చెత్తబండ్లు కూడా రెండయ్యాయి. చర్చి మాత్రం ఒక్కటే, అదీ పడమటి వైపు. తూర్పు పల్లెలో ఉన్న క్రైస్తవ కుటుంబాలన్నీ ప్రతి ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని హైవే దాటి వెళ్లేవి.

వీరాంజనేయులు గారు ప్రసన్నకుమార్‌ని ఇంటికి పిలిపించారు. ఎప్పుడూ వరండా మెట్టు దగ్గర నిలబెట్టి మాట్లాడే మనిషి, ఆవేళ లోపల్నుంచి కుర్చీ తెప్పించారు. ఆ కుర్చీ ఎవరికోనని ప్రసన్నకుమార్ వెనక్కి తిరిగి చూశాడు.

"కూర్చోవయ్యా ప్రసన్నా. ఆదివారం ఆదివారం మీవాళ్లంతా ఆడాళ్లనీ పిల్లల్నీ వేసుకుని ఆ రోడ్డు దాటుతున్నారు. లారీలు చూశావుగా, ఒక్కోటి విమానం దిగినట్టు దిగుద్ది. ఎవరికన్నా ఏమన్నా అయితే? అది తల్చుకుంటే నాకు అన్నం సయించట్లేదు. అంత దూరం మీకేం ఖర్మ? ఇక్కడే కట్టిస్తా. శంకుస్థాపన ఎల్లుండి. పాస్టరువి నువ్వే."

రోడ్డు పాతికేళ్లుగా అక్కడే ఉంది, లారీలు అప్పట్నుంచీ అలాగే వస్తున్నాయి. ప్రెసిడెంటు గారికి అన్నం సయించకపోవడం మాత్రం కొత్త. దాని అసలు కారణం వేరు. పాత చర్చిలో సుబ్బరావమ్మ గారు నెలకోసారి వచ్చి మొదటి వరసలో కూర్చుంటారు. ఆవిడ ఇంట్లో రోజూ తులసికోటకి దీపం పెట్టే మనిషే, కానీ చర్చిలో కళ్లు మూసుకుంటే అక్కడి వాళ్లకన్నా గట్టిగా మూసుకుంటారు. పెద్దయ్యగారు "మా నాయకురాలు సుబ్బరావమ్మ గారిని ఆశీర్వదించు తండ్రీ" అని పేరు పెట్టి ప్రార్థన చేస్తారు. తూర్పు పల్లెలోని రెండు వందల నలభై ఓట్లూ ఆ ప్రార్థనకి ఆమేన్ అంటాయి. వీరాంజనేయులు గారు కిందటిసారి నెగ్గింది ముప్ఫై ఒక్క ఓటుతో. ఓట్లు తన వైపూ, ఆమేన్‌లు అవతలి వైపూ ఉంటే ఏ నాయకుడికి మాత్రం ముద్ద దిగుతుంది?

రొట్టె విరిగి నేతిలో పడినట్టయింది ప్రసన్నకుమార్‌కి. ఇక ఏడాది పొడుగునా ఆదివారాలన్నీ అతనివే. ఉపదేశిగారు అనడం పోయి, అందరూ అయ్యగారూ అంటారు. ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి భార్యకి చెప్పాడు.

అతని భార్య జెస్సీ బట్టలు కుడుతుంది, ఆదివారం బడి పిల్లలకి పాఠం చెబుతుంది. కుట్టుమిషను ఆపకుండానే వింది.

"అంత దూరం మీకేం ఖర్మ, ఇక్కడే కట్టిస్తా అన్నాడా?"

"అచ్చం అదే మాటన్నాడు. అయితే?"

"ఎక్కడో విన్నట్టు లేదూ?"

లేకేం, ఉంది. ఆ మాట ఎక్కడిదో ఊరందరికన్నా బాగా తెలిసింది ప్రసన్నకుమార్‌కే. ఇశ్రాయేలు రాజ్యం రెండైనప్పుడు ఉత్తరం వైపు యరొబాము రాజయ్యాడు. గుడి మాత్రం దక్షిణాన యెరూషలేములో ఉండిపోయింది. జనం మొక్కుకోడానికి అక్కడికి పోతూ ఉంటే, గుడి ఎవరిదో రాజూ వాడే అనుకుంటారని అతనికి భయం పట్టుకుంది. అంత దూరం మీకెందుకు శ్రమ అని తియ్యగా చెప్పి, తన సరిహద్దుల్లోనే గుళ్లు కట్టి బంగారు దూడల్ని నిలబెట్టాడు. ఆ గుళ్లలో పూజకి ఎవరు దొరికితే వాళ్లని యాజకుల్ని చేశాడు. పండగని తనకి నచ్చిన నెలకి జరిపాడు. ఆ తర్వాత ఉత్తరాన్ని ఏలిన రాజులందర్నీ చరిత్ర ఒక్క ముక్కతో కొట్టిపారేసింది, వీడూ యరొబాము దారిలోనే పోయాడని.

"యరొబాముకి పది గోత్రాల రాజ్యం ఇచ్చింది ప్రవక్తే కదే," అన్నాడు ప్రసన్నకుమార్. "కొత్త అంగీ పన్నెండు ముక్కలు చేసి పది ముక్కలు ఆయన చేతిలో పెట్టాడు. ఊరు విడగొట్టడం తప్పు కాదు."

"ఇచ్చింది రాజ్యం. దూడ ఆయన సొంత తెలివి."

"ఇక్కడ దూడ ఎక్కడుందే? నువ్వు మరీను."

"దూడ లేదులెండి. దూరం మాట ఒకటి. ఎవరు దొరికితే వాళ్లని యాజకుల్ని చెయ్యడం..." అని రెండో వేలు మడవబోయి ఆపేసింది జెస్సీ. ప్రసన్నకుమార్ ఏ వేదాంత కళాశాలలోనూ చదవలేదు, ఏ బిషప్పూ అతని నెత్తిన చెయ్యి పెట్టలేదు. ఆ రెండో వేలు తనేనని అతనికి అర్థమైంది. చాలా నొచ్చుకున్నాడు. ఆ పూట అన్నం తినేటప్పుడు పచ్చడి అడగలేదు.

చర్చి నాలుగు నెలల్లో లేచింది. ప్రారంభోత్సవం రోజునే కోతల పండగ కూడా పెట్టమన్నారు ప్రెసిడెంటు గారు. కోతల పండగంటే, పంట చేతికొచ్చిన రోజుల్లో ఎవరి చేలో పండింది వాళ్లు కొంచెం తెచ్చి దేవుడి ముందు పెట్టే పండగ. పాత చర్చిలో ఏటా ఫిబ్రవరి రెండో ఆదివారం చేస్తారు. "మనం మొదటి ఆదివారం పెట్టేద్దాం. వాళ్లకన్నా ముందే," అన్నారు ప్రెసిడెంటు గారు. జెస్సీ చీర కొంగు సర్దుకుంటున్నట్టు మూడో వేలు మడిచింది. ప్రసన్నకుమార్ చూడనట్టు నటించాడు.

ఇక్కడ ప్రెసిడెంటు గారి గిత్తల సంగతి చెప్పాలి, లేకపోతే ఆయనకి అన్యాయం చేసినవాళ్లం అవుతాం. వీరాంజనేయులు గారింట్లో మూడు తరాలుగా ఒంగోలు గిత్తల్ని పెంచుతున్నారు. బండలాగుడు పోటీల్లో ఆ ఇంటి జత దిగిందంటే మిగతా జతలవాళ్లు రెండో బహుమతి గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆయన తండ్రి మొదటిసారి ప్రెసిడెంటయింది గిత్తలు నెగ్గిన ఏడాదే. ఈయన నెగ్గిందీ అలాగే. అందుకని ఈయన ఏది కట్టించినా దాని ముందు ఒక గిత్త బొమ్మ పెట్టిస్తారు. బస్ షెల్టరు ముందు ఒకటి, పంచాయతీ ఆఫీసు ముందు ఒకటి, బడి ముందు ఒకటి. బడి ముందున్న దానికి పిల్లలు ఒక కొమ్ము విరగ్గొడితే మళ్లీ అతికించారు. అన్నీ బంగారు రంగువే. ప్రెసిడెంటు గారి లెక్కలో అది ఊరి గుర్తు, ఇంటి గుర్తు, ఓటు గుర్తు, మూడూ ఒకటే. గుడి ముందు పెట్టినప్పుడు కూడా ఎవరూ ఏమీ అనలేదు. శివుడి ముందు నంది ఉండేదే కదా, ఈ నంది కొంచెం బలంగా ఉందనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం తెనాలి నుంచి లారీ వచ్చింది. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి, ఆ ఘాటుకి డ్రైవరు తుమ్ముతూ దిగాడు. చర్చి గుమ్మం ఎదురుగా సిమెంటు దిమ్మ ఒకటి వారం కిందటే కట్టి ఉంది. అది పూలకుండీ కోసమని ప్రసన్నకుమార్ అనుకుంటున్నాడు. టార్పాలిన్ తీశారు. మనిషెత్తు గిత్త. మూపురం, గంగడోలు, పొట్టి కొమ్ములు, ఒళ్లంతా తళతళలాడే బంగారు రంగు. ఎండలో దానివైపు చూస్తే కళ్లు నొప్పెట్టాయి.

పల్లె పల్లెంతా వచ్చి చుట్టూ నిలబడింది. చదువు రాని ముసలమ్మకి కూడా బంగారు దూడ కథ తెలుసు. దేవుడి గుడి ముందు అది ఉండకూడదని తెలియనివాడు ఆ ఊళ్లో ఒక్కడే ఉన్నాడు, వాడే దాన్ని కొని తెచ్చాడు.

సంఘపెద్ద బాపయ్య మెల్లిగా ప్రసన్నకుమార్ పక్కన చేరాడు. "ఇదేందయ్యా ఇది? ఎవరన్నా ఆయనకి చెప్పాలి గదా?"

"మీరు పెద్దోళ్లు, చెప్పండి."

"నాకెట్టా కుదురుద్ది? ఇళ్ల స్థలాల లిస్టులో మా అబ్బాయి బాలు పేరు ఆయన చేతిలో ఉంది. నువ్వు చెప్పాలి. నువ్వేగా అయ్యగారివి."

పదహారేళ్లుగా ఎదురుచూసిన పిలుపు చెవిన పడింది. పిల్లి మెడలో గంట కట్టాల్సి వచ్చినప్పుడు పడింది.

ప్రెసిడెంటు గారు ఇంటి వెనక కొట్టంలో ఉన్నారు. నిజం గిత్తలకి ఉడకబెట్టిన ఉలవలు తన చేత్తోనే పెడుతున్నారు. ఆ సమయంలో ఆయన ముఖంలో కనిపించే ప్రేమని ఓటర్లెవరూ ఎప్పుడూ చూసి ఉండరు. దారి పొడుగునా ప్రసన్నకుమార్ మాట కూడబలుక్కుంటూనే వచ్చాడు. అయ్యా, మా వాక్యంలో దూడ గురించి ఒక కథ ఉందండీ, అని మొదలుపెట్టాలి.

"ఏవయ్యా, చూశావా? ఎట్టుంది?"

"అయ్యా, మా వాక్యంలో..."

"రంగు తక్కువైందా? నేను అప్పుడే అన్నా, ఇంకో కోటింగు వెయ్యమని."

"బానే ఉందండి," అన్నాడు ప్రసన్నకుమార్.

"మూపురం?"

"మూపురం కూడా బానే ఉందండి."

తిరిగొస్తూ ఉంటే తన మీద తనకే అసహ్యమేసింది. వాక్యం చెప్పమంటే గంట సేపు నిలబెట్టి చెప్పే నోరు, ఒక్క మనిషి ముందు ఒక్క మాట చెప్పలేకపోయింది. చెబితే ఏమవుతుంది? మైకు పోతుంది. మళ్లీ ఏడాదికి నాలుగు ఆదివారాలు, మళ్లీ చాపలు. చెప్పకపోతే రేపు పొద్దున ఆ దిమ్మ ఎదురుగా నిలబడి, తను పదహారేళ్లుగా తిట్టిపోసిన రాజుకి తనే యాజకుడై కూర్చోవాలి. సాయంత్రమంతా పుస్తకం తిరగేశాడు. దీపాలు పెట్టే వేళకి సొలొమోను గుడి కొలతల దగ్గర అతని వేలు ఆగింది. ముఖం వెలిగింది. ఆ వెలుగు చూస్తేనే జెస్సీకి భయమేసింది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ముందు భాగమంతా కోతల పండగ కానుకలు: గుమ్మడికాయలు, మిరపకాయల బస్తాలు, పత్తి బుట్టలు, కాళ్లు కట్టిన నాలుగు కోళ్లు. మొదటి వరసలో ప్రెసిడెంటు గారు తెల్ల లాల్చీలో కూర్చున్నారు. తలుపులు బార్లా తీసి ఉన్నాయి, ఎదురుగా గిత్త వీపు మెరుస్తోంది. జనం పాట పాడుతున్నారు గానీ కళ్లన్నీ గుమ్మం వైపే ఉన్నాయి. ప్రసన్నకుమార్ లేచాడు, మైకు తీసుకున్నాడు. కొత్త మైకు, గొంతు గోదారిలా పలికింది.

"ప్రియులారా! సొలొమోను కట్టిన గుడి వాకిట్లో ఏముంది? ఇత్తడితో పోతపోసిన నీళ్ల తొట్టి. చెరువంత తొట్టి! దాన్ని మోసిందెవరు? మనుషులా? కాదు. గుర్రాలా? కాదు. ఎడ్లు! మూడు ఉత్తరానికి చూస్తూ, మూడు పడమరకి చూస్తూ, మూడు దక్షిణానికి, మూడు తూర్పుకి. పన్నెండు ఎడ్లు! దేవుడి వాకిట్లో ఎద్దు నిలబడితే అది విగ్రహమా? కాదు ప్రియులారా, అది సేవ!"

చర్చంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. "స్తోత్రం!" అని అందరికన్నా ముందు అరిచింది బాపయ్య. చప్పట్లు మోగాయి. తప్పు చేస్తున్నామన్న బరువు దిగిపోయి ఆడవాళ్లు నవ్వుకుంటూ పిల్లల్ని ఒళ్లోకి సర్దుకున్నారు. యరొబాము ఎద్దుని తీసుకొచ్చి సొలొమోను కొట్టంలో కట్టేసిన ఘనత ఆ దేశపు ప్రవక్తలెవరికీ దక్కలేదు, మిల్లు కాటా గుమాస్తాకి దక్కింది.

ప్రెసిడెంటు గారు ఆగలేకపోయారు. వచ్చి మైకు అందుకున్నారు.

"పన్నెండా! ఈ ముక్క ముందే చెప్పొద్దా పాస్టరు గారూ? నేను ఒక్కటి పెట్టి ఊరుకున్నానే! మిగతా పదకొండూ రేపే తెనాలిలో ఆర్డరిచ్చేస్తా."

మళ్లీ చప్పట్లు. ప్రసన్నకుమార్ కూడా కొట్టాడు, కొంచెం మెల్లిగా.

"ఇంకో మాట. మన పిల్లలు పాతకాలం రాజుల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతారంటగా. ఏదీ, ఓసారి చెప్పించండి అమ్మగారూ."

జెస్సీ లేచింది. ఆమె దగ్గర రెండు పట్టికలున్నాయి. దక్షిణ రాజ్యం పట్టికలో అక్కడక్కడా మంచి రాజులున్నారు, అతిథులొచ్చినప్పుడు ఎప్పుడూ అదే చెప్పిస్తుంది. ఇవాళ పిల్లల ముందు నిలబడి, "ఉత్తర రాజ్యం," అంది.

పిల్లలు ఒక్క గొంతుతో ఎత్తుకున్నారు. "యరొబాము! బంగారు దూడని పెట్టాడు! చెడ్డవాడు! నాదాబు! తండ్రి దారిలో పోయాడు! చెడ్డవాడు! బయెషా! చెడ్డవాడు!" చెడ్డవాడన్నప్పుడల్లా చూపుడు వేలు ఊపడం వాళ్లకి అలవాటు. వేళ్లన్నీ గుమ్మం వైపున్నాయి, ఎందుకంటే వాళ్లు కూర్చున్నది ఆ వైపు తిరిగి. వెనక ఎవరో కిసుక్కుమని, వెంటనే దగ్గారు.

ప్రెసిడెంటు గారు చెయ్యెత్తారు. పిల్లలు ఆగారు. ఆయన మొరటువాడే గానీ మొద్దు కాదు. గుమ్మం వైపు చూశారు, పిల్లల వైపు చూశారు, ప్రసన్నకుమార్ వైపు తిరిగి మైకు అతని నోటి దగ్గర పెట్టారు.

"పాస్టరు గారూ, ఆ మొదటాయన ఎవరు?"

దూడ వేరు, గిత్త వేరని అనొచ్చు. పన్నెండు ఎడ్లూ ఇంకా చేతిలోనే ఉన్నాయి. ప్రసన్నకుమార్ భార్య వైపు చూశాడు. ఆమె అతని వైపు చూడటం లేదు, ఒక చంటిదాని జుట్టు సరిచేస్తోంది. ఆమె కూడా తన మీద ఆశ వదులుకుందని అనిపించేసరికి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"యరొబామండీ. రాజ్యం రెండైతే ఉత్తరం వైపు ఏలాడు. జనం ఆరాధనకి అవతలి రాజ్యానికి పోతే చెయ్యి జారిపోతారని భయపడ్డాడండీ. అంత దూరం మీకెందుకని చెప్పి, ఇవతలే గుడి కట్టి, బంగారు దూడని పెట్టాడు. దేవుడి కోసం కట్టలేదండీ, కుర్చీ కోసం కట్టాడు. దేవుడికి కోపం వచ్చింది."

కట్టేసిన కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది. బాపయ్య కళ్లు మూసుకున్నాడు, బహుశా కొడుకు ఇంటి స్థలం కోసం ప్రార్థన చేస్తున్నాడు. ప్రసన్నకుమార్‌కి మాత్రం ఒళ్లు తేలికైపోయింది. మైకు పోయింది, పోతే పోయింది. పదహారేళ్లలో మొదటిసారి అతను నిజంగా వాక్యం చెప్పాడు.

ప్రెసిడెంటు గారు గడ్డం గోక్కున్నారు.

"ఎన్నేళ్లు ఏలాడు?"

"ఎవరండీ?"

"ఆ రాజేనయ్యా."

"ఇరవై రెండేళ్లండీ."

"ఇరవై రెండేళ్లే!" ప్రెసిడెంటు గారి కళ్లు పెద్దవయ్యాయి. వేళ్ల మీద లెక్క వేశారు. "నాలుగు టర్ములు దాటి ఇంకో రెండేళ్లు. మన జిల్లాలో ఎవడన్నా చేశాడా?"

"కాదండీ... ఆయన వంశం నిలబడలేదండీ. కొడుకు రెండేళ్లు ఏలాడో లేదో ఇంటిల్లిపాదినీ నరికేశారు."

"కొడుకు మాట ఇప్పుడెందుకయ్యా. వచ్చేసారి మన సీటు రిజర్వేషను ఎవరికొస్తుందో మనకే తెలీదు."

జనం నవ్వారు. ప్రసన్నకుమార్ ఉన్న అస్త్రాల్లో పెద్దది తీశాడు.

"ఒక ప్రవక్త వచ్చి ఆ గుడి ముందే నిలబడి శపించాడండీ! వీణ్ణి పట్టుకోండని రాజు చెయ్యి చాపితే, చాపిన చెయ్యి చాపినట్టే ఎండిపోయింది!"

ప్రెసిడెంటు గారు మైకు పట్టుకున్న తన చేతి వైపు ఓసారి చూసుకున్నారు. "తర్వాత?"

"తర్వాత..." ప్రసన్నకుమార్ గొంతు తగ్గించాడు. "రాజు బతిమాలితే ఆ ప్రవక్తే ప్రార్థన చేశాడండీ. చెయ్యి మళ్లీ బాగైంది."

"అదీ మాట! మరి ఆ ప్రవక్త ఏమయ్యాడు?"

ఇక్కడ అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. కానీ అతనికి ఆ క్షణాన నిజం చెప్పే జబ్బు పట్టుకుని ఉంది.

"ఇంటికి పోతుంటే దారిలో సింహం చంపేసిందండీ."

చర్చి కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. బాపయ్య కళ్లు తెరిచి మరీ నవ్వాడు. ప్రెసిడెంటు గారు మాత్రం నవ్వలేదు. జాలిగా తలాడించి, "పాపం," అన్నారు. తర్వాత తన మెడలో ఉన్న పట్టు శాలువా తీసి ప్రసన్నకుమార్ భుజాల చుట్టూ కప్పారు.

"చూశారా, నన్ను ఎదురుగా పెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. కొంచెం కూడా జంకలా. రేపు సుబ్బరావమ్మ ఏమన్నా కూసిందనుకోండి, మా పాస్టరు మొహం మీదే మాట్లాడే మనిషని చెబుతా. ఇట్టాంటోడే మనక్కావాల. ఏమంటారు?"

"ఆమేన్!" అన్నారు అందరూ.

భోజనాలయ్యాక కల్లాల మీదుగా ఇంటికి నడిచారు మొగుడూ పెళ్లాలు. ఎండకి మిరపకాయలు గలగలమంటున్నాయి. శాలువా తీసేస్తే ఎవరైనా చూస్తారేమోనని అతను తియ్యలేదు. మెడంతా దురద. తరిమేసినా బాగుండేదని అతనికి ఏడుపు వస్తోంది. తరిమేస్తే ఏ చెట్టుకిందైనా నిలబడి వాక్యం చెప్పుకునేవాడు. ఇప్పుడు ఏ నిజం చెప్పినా అది ప్రెసిడెంటు గారి పెద్ద మనసుకి సర్టిఫికెట్టే అవుతుంది.

"నేను నిజమే చెప్పాగా?" అన్నాడు చివరికి.

"చెప్పారు. అడిగితే చెప్పారు. అడక్కముందు ఎడ్లు చెప్పారు."

ప్రసన్నకుమార్ శాలువా కింద వేలు పెట్టి మెడ గోక్కున్నాడు. జెస్సీకి అతని మీద జాలేసింది కాబోలు, గొంతు మెత్తగా చేసి అడిగింది.

"సర్లెండి. వచ్చే ఆదివారం ఏ రాజు గురించి చెబుతారు?"

"సాయంత్రం ప్రెసిడెంటు గారు ఫోన్ చేస్తానన్నారు. కనుక్కుని చెబుతా," అన్నాడు ప్రసన్నకుమార్.

జెస్సీ ఆగిపోయింది. ఆమె ఎందుకు ఆగిందో అర్థం కాక అతను రెండడుగులు ముందుకి వేశాడు. మూడో అడుగు దగ్గర తనేమన్నాడో తనకే వినిపించింది.